కొరియావారి ఆకుముద్ద

మా పాఠశాలలో చదివి, పిమ్మట కళాశాల చదువు ముగించి, యంత్రశాస్త్రము నభ్యసించుటకై కొరియా దేశమునకు బోయిన పూర్వవిద్యార్థి యొకడు గలడు. గడచిన దసరా సెలవులలో మాలో నిద్దరు ఉపాధ్యాయులకు దక్షిణ కొరియా ముఖ్యపట్టణమగు సియోలును జూచు నవకాశము లభించెను. ఆ చిన్నవాడు విమానాశ్రయమునకు వచ్చి మమ్ము గలిసికొని, కుశలప్రశ్న లైన వెంటనే యిట్లనెను: "మేష్టారూ, ఈ రాత్రి మీరు తప్పక నాతోకూడ నొక భోజనశాలకు రావలెను. నేనీ యూరికి వచ్చి యేడు నెలలైనది. ప్రతిదినము సాయంకాలము ఆ వీథిలో నడచుచు, నిప్పులపై మాంసము కాలు వాసన చూచుచునే యున్నాను గాని, లోపల గూర్చుండి తినుటకు నాకింతవఱకు వీలు కలుగలేదు."

చేతిలో డబ్బు చాలకపోయెనేమో యని మేము జాలిపడితిమి. "డబ్బునకు గాదండీ. ఒక్కనికి వడ్డింపరు. ఒకమాఱు వాకిలి దాటి లోపలికి బోయితిని. అచ్చటి యామె ఒక వ్రేలు చూపి, ఒక్కరేనా యని యడిగినది. అవునంటిని. పాపము, ఆమెయే నొచ్చుకొని తల యడ్డముగా ద్రిప్పినది," అని వాడు చెప్పెను. ఆకలిగొని వాకిట నిలిచినవానిని, డబ్బు చేత నున్నను, ఒంటరివాడను కారణమున ద్రిప్పిపంపుట మాకు వింతగా దోచినది. ఆ భోజన మెట్టిదో, దానిని ఒక్కని కేల వడ్డింపరో మేమా రాత్రి కన్నదియు, తరువాత చదివి తెలిసికొన్నదియు మా విద్యార్థులకును వారి తలిదండ్రులకును ఇందు దెలుపుచున్నాము.

ఆ భోజనశాల పెద్దది కాదు. పది పండ్రెండు బల్లలు గలవు. ప్రతి బల్ల నడుమను గుండ్రని గుంట యొకటి యుండును. కణకణలాడు బొగ్గులు గల యినుప కుంపటిని అందు దించి, దానిపై ఇనుప కమ్ముల జల్లి నుంచుదురు. బొగ్గులకు మాఱుగా గ్యాసు పొయ్యిని వాడు దుకాణములును గలవు. పైకప్పునుండి గొట్ట మొకటి యేనుగు తొండమువలె దిగి, పొగను పీల్చి వెలుపలికి బంపును. అయినను వాసన బట్టలకు బట్టుట తప్పదు గనుక, మా కోటులను దాచుకొనుటకు పెద్ద సంచుల నిచ్చిరి. బల్ల ప్రక్కనున్న సొరుగులో చెంచాలును, లోహపు పుల్లలును ఉండగా, మా శిష్యుడు వానిని దీసి మా యెదుట నమర్చెను. చీనా, జపాను దేశములలో పుల్లలు తఱచుగా కొయ్యతో జేయబడును; కొరియావారు లోహపు పుల్లలను, పొడుగు కాడ గల చెంచాను జతగా వాడుదురు. అన్నమును పులుసును వారు చెంచాతోడనే తిందురు. వడ్డించు స్త్రీని మావాడు "ఇమో" యని పిలిచెను. ఆ మాటకు తల్లి యక్కగాని చెల్లెలుగాని యని యర్థము. అన్నము పెట్టు పరాయి స్త్రీని పిన్నీ యని పిలుచుట మాకు పరదేశముగా దోచలేదు.

మాంసమునకు జెప్పి అయిదు నిమిషములు గాకమునుపే బల్ల చిన్న చిన్న గిన్నెలతో నిండిపోయెను. ఉప్పును కారమును బట్టించి పులియవేసిన క్యాబేజీ, అనగా కిమ్చి, నువ్వులనూనె కలిపిన పాలకూర, ఉడికించిన సోయాచిక్కుడు మొలకలు, పుల్లని నీటిలో నానిన ముల్లంగి బిళ్లలు, కారము చల్లిన ఉల్లికాడల తురుము, పచ్చిమిరపకాయలు, వెల్లుల్లి రెబ్బలు, వీని నడుమ నొక బుట్టనిండ కడిగిన పచ్చని యాకులు. "ఇవి మేము కోరలేదే!" యని మాలో నొకరనగా, "ఇవి విడిగా కొనవలసినవి కావండీ. మాంసముతో వచ్చును. గిన్నె వట్టిదైనచో మారు వడ్డింతురు, దానికి వెల లేదు," అని మావాడు నవ్వెను. వీనిని బాంచన్ అందురు. మనము ఆధరువు లని పిలుచునవే యివి. అయితే మన విస్తరిలో ఎవరి యాధరువులు వారికి వేఱుగా బడును. కొరియావారి బల్లమీద గిన్నెలన్నియు నందఱివి. అందఱును చేయి చాచి యందలి దానినే పుల్లలతో నందుకొందురు.

మాంసపు వంటకములలో మూడు మిక్కిలి ప్రసిద్ధములు. పుల్గోగి యనగా "నిప్పు మాంసము". ఇది పలుచగా గోసిన యెద్దుమాంసమును సోయా రసము, చక్కెర, వెల్లుల్లి, నువ్వులనూనెలలో నానవైచి కాల్చునది. కల్బి యనగా ప్రక్కటెముకల మాంసము. సియోలునకు దక్షిణముననున్న సువన్ నగరము దీనికి బేరొందినది. మూడవది సమ్‌గ్యోప్‌సల్, అనగా "మూడు పొరల మాంసము". పంది కడుపుభాగమున కండయు క్రొవ్వును పొరలు పొరలుగా నుండుటచే దాని కా పేరు వచ్చినది. దీనికి మసాలాయేమియు బట్టింపరు. మేము తెప్పించినది యిదియే. దుకాణదారులు మాంసమును వంతుల లెక్కన నమ్ముదురు. ఒక వంతు సుమారు 150 మొదలు 200 గ్రాముల వఱకు నుండును. మొదట రెండు వంతులకు తక్కువగా నడిగిన పెక్కు చోట్ల నీయరు.

ఇచ్చట వంటవాడు లోపల వండి తెచ్చుట లేదు, తినువారే వండుకొనవలెను. బల్లకొక్కరు ఆ పనికి బూనుకొందురు. మా బల్లయొద్ద మావాడు పట్టుకారు చేతబట్టెను. బెత్తెడు వెడల్పుగల మాంసపు పట్టెను జల్లిపై బఱచి, క్రిందివైపు ఎఱ్ఱబాఱువఱకు గదల్పక యుండి, తరువాత ద్రిప్పెను. రెండువైపులను కాలినపిమ్మట కత్తెర దీసి చకచక ముక్కలుగా గత్తిరించెను. కత్తెరతో బట్టలను గాక మాంసమును గోయుట చూచి మేము నవ్వితిమి గాని, వేడి మాంసమును నిప్పుమీదనే కోయుటకు కత్తెరకంటె మేలైన సాధనము లేదని యొప్పుకొంటిమి. కాల్చువాడు తాను దినుట మఱచి యితరులకు వడ్డించుచుండును. అట్టివానికి పక్కవాడు ముద్ద చేసి నోటికందించుట ఆ బల్లయొద్ద మర్యాద.

ఆ ముద్దను గుఱించియే మేము ముఖ్యముగా జెప్పదలచితిమి. కొరియా భాషలో దానిని సామ్ అందురు; చుట్టినదని యర్థము. ఎడమ యఱచేతిలో లెట్యూసు ఆకును బఱచవలెను. ఇది పొద్దుతిరుగుడు కుటుంబమునకు జెందిన మెత్తని యాకు. దీనిని దిన్న నిద్ర వచ్చునని కొరియావారి నమ్మకము. దానిపై కేన్నిప్ అను పెరిల్లా యాకు నుంచుదురు. ఇది మన తులసి కుటుంబములోనిది, ఘాటైన పరిమళము గలది. అందు మాంసపు ముక్క యొకటి, నిప్పుపై గాల్చిన వెల్లుల్లి రెబ్బ, కొంచె ముల్లికాడల తురుము, కోరినచో చెంచాడన్నము పెట్టి, సామ్‌జాంగ్ అను ముద్దపచ్చడిని గోరంత రాయవలెను. పిమ్మట ఆకు అంచులను లోనికి మడచి, మనవారు తాంబూలపు చిలకను జుట్టునట్లు చుట్టి, ఒక్కమాఱే నోట బెట్టుకొనవలెను. సగము కొఱికి సగము చేత బట్టుకొన్నచో అంతయు జాఱి యొడిలో బడును. మాలో నొకరి కట్లే జరిగినది. ముద్ద ప్రమాణమును గుఱించి పూర్వమే విచారించిరి. 18వ శతాబ్దిలోని యీ దొంగ్‌-ము అను పండితుడు మర్యాదలను గుఱించి వ్రాసిన "సాసోజొల్" అను గ్రంథమున, నోరు పట్టనంత పెద్ద ముద్దను జుట్టరాదని బోధించెను. చాంద్రమాన సంవత్సరపు మొదటి పున్నమినాడు అన్నమును ఆకులోగాని సముద్రపు నాచురేకులోగాని చుట్టి తినుటయు నాచారమే. దానిని భాగ్యపు ముద్ద యందురు.

బల్లయొద్ద మఱి కొన్ని మర్యాదలు గలవు. పెద్దవారు చెంచా యెత్తువఱకు చిన్నవారు దినుట ప్రారంభింపరు. పెద్దవారిచ్చిన దానిని రెండుచేతుల నందుకొందురు. పుల్లలను అన్నములో నిలువుగా గుచ్చరు, ఏలయనగా అది చనిపోయినవారికి బెట్టు కూటిగుఱుతు. మా శిష్యుడు మేము మొదటి ముద్ద దినువఱకు వేచియుండుట చూచి, ఇది వీడు మన పాఠశాలలో నేర్చెనా, ఈ దేశమున నేర్చెనా యని మాలో మేము తర్కించుకొంటిమి.

మాలో నొకరు శాకాహారులు. వారికి ఆకు, అన్నము, వెల్లుల్లి, మొలకలు, సామ్‌జాంగ్ చాలినవి. కిమ్చిని మాత్రము వారు ముట్టలేదు. దానిలో ఉప్పు రొయ్యలో, చేపల రసమో తఱచుగా గలుపుదురు. సామ్‌జాంగ్‌లో రెండు పచ్చళ్లు కలియును: సోయాచిక్కుడును ఉడికించి దంచి జాడీలలో నెలల తరబడి పులియబెట్టిన దోయెన్‌జాంగ్ ఒకటి, మిరపపొడి కలిపి పులియబెట్టిన గోచుజాంగ్ రెండవది. మన యిండ్లలో వేసవిని ఆవకాయ జాడీ లెట్లో, వారి యిండ్లలో ఈ జాడీ లట్లు. శీతకాలమునకు ముందు ఇరుగుపొరుగువారు కూడి కిమ్చి పెట్టుకొను నాచారమును యునెస్కో సంస్థ 2013లోను, ఈ సోయా పచ్చళ్లను జేయు విద్యను 2024లోను మానవజాతి సంప్రదాయముల పట్టికలో జేర్చినది. ఇక మిరపకాయ విషయమున కొరియావారును మనమును ఒకే ఋణము గలవారము. అమెరికా ఖండమున బుట్టిన ఈ కాయ 1492 తరువాత నావికుల వెంట లోకమెల్ల ద్రిమ్మరి, మన దేశమునకును, కొరియాకును జేరినది. 1614 నాటి కొరియా గ్రంథ మొకదానిలో మిరపకాయ ప్రస్తావన గలదు. నేడు గుంటూరువారు గాని సియోలువారు గాని మిరప లేని కూటిని కూడుగా నెంచరు.

ఆకులో మాంసము చుట్టుట రుచికొఱకే పుట్టినదా? మేము విచారింపగా దానివెనుక లేమియు గనబడినది. కొరియా కొండల దేశము. సాగునకు దగిన భూమి తక్కువ. ఎద్దు నాగలికి గావలసినది గనుక చోసన్ రాజుల కాలమున గొడ్లను గోయరాదని మాటిమాటికి ఉత్తరువులు చేసిరి. సామాన్యునికి మాంసము పండుగనాటి వస్తువు. ప్రతి వసంతమున, శీతకాలపు బియ్యము నిండుకొని యవలు ఇంకను పండకమునుపు, ఆకలిదినములు వచ్చుచుండెను. ఆ కాలమునకు "యవల కనుమ" యని పేరు. కొండ కనుమను దాటుటవలె దానిని గడపవలసియుండెను. 1950 మొదలు 1953 వఱకు జరిగిన యుద్ధము దేశమును మఱింత దరిద్రమున ముంచెను. 1970 దశకమున తోంగిల్ అను క్రొత్త వరివంగడము వ్యాపించి పంట హెచ్చెను, కర్మాగారములు పెరిగెను, అటుపిమ్మటనే సాధారణ కుటుంబములు తఱచుగా మాంసపు బల్లయొద్ద గూర్చుండజొచ్చెను. కొంచెపు మాంసమును పెక్కు ఆకులతో, అన్నముతో, పచ్చడితో జేర్చి పదిమందికి సరిపెట్టుట పేదవారి తెలివి. కలిమి వచ్చినతరువాతను వారా తెలివిని విడువలేదు. నేటికిని ముద్దలో ఆకు పెద్దది, మాంసము చిన్నది.

ఈ మాంసమునకు వేఱొక చరిత్రయు గలదు. దానిని మన విద్యార్థులు తప్పక తెలిసికొనవలెను. చోసన్ రాజ్యమున పశువులను గోయువారిని పెక్‌జొంగ్ అని పిలిచి వెలివారుగా జూచుచుండిరి. వారు ఊరికి దూరముగా నివసింపవలెను. గౌరవమునకు గుఱుతగు గుఱ్ఱపువెండ్రుకల టోపీని ధరింపరాదు. చిన్నపిల్లలకు సైతము వంగి మాటలాడవలెను. మాంసము తినువారు గలరు గాని, దానిని గోసినవానితో గూర్చుండువారు లేరు. 1894లో ప్రభుత్వము ఈ భేదములను శాసనముచే రద్దుచేసెను. మనస్సులలో నవి రద్దు కాలేదు. పాక్ సొంగ్‌-చున్ అను కసాయివాడు 1895లో సియోలునందలి యొక క్రైస్తవసంఘమున జేరగా, గొప్పయింటివారు కొందఱు అతనితో నొక్కచోట గూర్చుండజాలక విడిపోయిరి; కొన్ని సంవత్సరములకు మఱల వచ్చి కలిసిరి. ఆతడు 1898లో సియోలున జరిగిన ప్రజల మహాసభలో ఉపన్యసించెను. ఆతని కుమారుడు పాక్ సొ-యాంగ్ 1908లో పాశ్చాత్య వైద్యవిద్య ముగించి, ఆ దేశమున వైద్యవృత్తికి ప్రభుత్వపు అనుమతిపత్రము పొందిన మొదటి యేడుగురిలో నొకడయ్యెను. 1923లో చింజు పట్టణమున పెక్‌జొంగ్ జనులు సమానత్వమునకై "హ్యొంగ్‌ప్యొంగ్‌సా" యను సంఘమును స్థాపించిరి. తక్కెడ సరిగా నిలిచినట్లు మనుష్యులు సమముగా నుండవలెనని దాని భావము. మాంసము దూచువారు తమ సంఘమునకు తక్కెడ పేరు పెట్టుకొనుట యెంత సముచితము! సహపంక్తి భోజనమునకై మన దేశమున జరిగిన ప్రయత్నముల నెఱిగినవారికి ఈ కథ పరాయిది కాదు.

మఱియొక సంగతి మమ్ము మిగుల నాశ్చర్యపఱచినది. అందఱును ఒకే బల్లచుట్టు గూర్చుండి ఒకే గిన్నెలో చేయి చాచు ఈ యాచారము కొరియాలో సనాతనమని మేము తలచితిమి. అట్లు కాదు. పూర్వము గొప్పయిండ్లలో పెద్దవారికి, అతిథులకు ఎవరి చిన్నపీట వారికి విడిగా బెట్టుచుండిరి. పురుషులు దిని లేచిన పిమ్మట మిగిలినది స్త్రీలకును పనివారికిని బోవుచుండెను. తండ్రి, తల్లి, బిడ్డలు, స్నేహితులు ఒకే బల్లయొద్ద గూర్చుండుట యిరువదవ శతాబ్దిలోనే విరివిగా వ్యాపించినది. కావున నేడు మనము చూచు ఆ యుమ్మడి బల్ల తాతముత్తాతలనుండి యప్పనముగా వచ్చినది కాదు. జనులు కోరి యేర్పఱచుకొన్నది.

కోరి యేర్పఱచుకొన్నది కోరక విడిచిన పోవును. దక్షిణ కొరియాలో నేడు గృహములన్నిటిలో మూడవ వంతునకు మించి ఒక్క మనుష్యుడే నివసించు గృహములు. చదువుకై, ఉద్యోగముకై యూరు విడిచిన యువకులును, బిడ్డలు దూరమైన వృద్ధులును వీరు. ఒంటరి తిండికి "హొన్‌బాప్" అను క్రొత్తమాటయే పుట్టినది. ఒక్కని కొఱకు చిన్న కుంపటి యమర్చు దుకాణములును వెలసినవి. మా విద్యార్థిని ద్రిప్పిపంపిన యామెను మేమిప్పుడు నిందింపజాలము. ఒక్కడు వచ్చినను నలుగురు వచ్చినను కుంపటి యొక్కటే, బొగ్గులు నన్నియే, ఎనిమిది గిన్నెల యాధరువులు నన్నియే. ఒక్క వంతు మాంసపు వెల వానికి జాలదు. ఇది కాఠిన్యము కాదు, లెక్క. అయినను ఆ లెక్కకు నడుమ ఏడు నెలలు వాకిట నిలిచినవాడు మా బిడ్డయే గదా!

చివర దోయెన్‌జాంగ్ పులుసును, వేడియన్నమును వచ్చెను. మావాడు అప్పటికి తాను సరిగా దినలేదు. మాకు గాల్చి పెట్టుచునే యుండెను. అది గనిపెట్టి వడ్డించు పిన్నిగారు వచ్చి, వాని చేతినుండి పట్టుకారు దీసికొని, తానే మాంసము ద్రిప్పసాగెను. మాలో నొకరు ఆకులో ముద్ద చుట్టి, "నోరు తెఱువుము, నాయనా," అని వాని నోట బెట్టిరి. ముద్ద పెద్దదయ్యెను, పండితుడు యీ దొంగ్‌-ము మెచ్చియుండడు. వాడు మాటలాడలేక, కన్నులు చెమర్చగా, కారము హెచ్చైనదని సైగ చేసెను. ఆ ముద్దలో మిరపకాయ లేదని మేమెఱుగుదుము.

మేము తిరిగివచ్చిన నెలకు వానియొద్దనుండి యుత్తరము వచ్చినది. అందిట్లున్నది: "మీరు వెళ్లిన తరువాతి శనివారము మా వసతిగృహములో నా గది కెదుటి గది తలుపు తట్టితిని. ఏడు నెలలనుండి ఆతడును నేనును మెట్లపై గలిసికొని తల యూపుకొనుటయే గాని మాటలాడలేదు. భోజనమునకు వత్తువా యని యడిగితిని. ఆతడు తనతోకూడ మఱియొకని బిలిచికొని వచ్చెను. ఆతడును నావలెనే ఒంటరిగా బోయి తిరిగివచ్చినవాడట. మువ్వురము పోయి మూడు వేళ్లు చూపితిమి."

2019 మొదలు మన పెనుకొండ ప్రాంతమున కియా మోటారుబండ్ల కర్మాగారము నడచుచున్నది. దానివలన కొరియావారు కొందఱు మన సీమకును వచ్చి నివసించుచున్నారు. వారిలోను సాయంకాలము ఎవరి వాకిటనో వంట వాసన చూచుచు నడచువాడొకడు ఉండవచ్చును. మన బంతిలో మారు వడ్డనకు వెల లేదని వానికి జెప్పువారెవరు? విద్యార్థులారా, మన వసతిగృహపు భోజనశాలలో గూడ చివరి బల్లయొద్ద ఒక్కడే తినుచున్నవాని జూచితిరేని, మీ పళ్లెము దీసికొని అచ్చటికి బొండు. దానికి కుంపటి యక్కఱలేదు, కత్తెర యక్కఱలేదు.